పొత్తు మార్కులు

సోమవారం. మంచినీళ్ళ వంతు మాదే.

ఇవాళ్టి వంట: ముడిబియ్యం అన్నం, కందిపప్పు, బెండకాయ వేపుడు, చారు. ఒకే ఒక్క జంట. పప్పు కొంచెం అడుగంటింది. కరెంటు పొయ్యి మళ్ళీ మొరాయించింది. దాన్ని బాగుచేయించమని ఈ యంత్రంలో చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది. వంటశాల సంగతులు రోజూ ఇందులో చెప్పాలన్నది నిబంధన. ఎవరు వింటారో నాకు తెలియదు. ఎవరూ వినరని గుమస్తా జోగారావు అంటాడు. మరీ మంచిది, నోటికొచ్చింది చెప్పుకోవచ్చు.

నా పేరు బంగారమ్మ. సముద్రం మీద తేలే ఊళ్ళలో నాలుగో తెప్ప మీదున్న కాపురాల కోర్టులో వంటమనిషిని. కోర్టులో వంటేమిటని పక్క తెప్పల నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. విడిపోతామని అర్జీ పెట్టుకున్న మొగుడూ పెళ్ళాం ముందు ఇక్కడ మూడు పూటలు కలిసి భోంచెయ్యాలి. మొదట నేను వడ్డిస్తాను, మారు వాళ్ళే వడ్డించుకోవాలి. వాళ్ళు తింటుంటే పీఠం చూస్తుంది. పీఠమంటే మనిషి కాదు. కప్పులో కొన్ని కళ్ళు, ఒక మెత్తని గొంతు, అంతే. మంచి కుటుంబాలు భోంచేసే తీరు లక్షల కొద్దీ చూపించి, కాపురమంటే ఇదీ అని దానికి నేర్పారట. ఎవరు వడ్డించారు, ఎవరు కొసరి వేశారు, ఎవరు ఎవరి కంచంలోకి చూశారు, అన్నీ చూసి పొత్తు మార్కులు వేస్తుంది. గోడ మీద గీత పెరుగుతూ కనిపిస్తుంది. సగం దాటిందా, కాపురం నిలబడుతుందని తీర్పు. నోటితో ఎన్ని అబద్ధాలైనా చెప్పొచ్చుగానీ, కంచం ముందు మనిషి అబద్ధమాడలేడని పెద్దలు అనుకున్నారు. ఆ పెద్దల్లో ఒక్కడూ ఏనాడూ గరిటె పట్టి ఉండడని నా అనుమానం.

ఇవాళ వచ్చిన పిల్ల పేరు హైమ. వరి తట్టలకు నీళ్ళు పెట్టే పని చేస్తుంది. ఎడం చెవి మీదుగా కొంగు కప్పుకుని వచ్చింది. ఆ చెవి సరిగా వినపడదు, కుడివైపు నుంచి మాట్లాడాలి. మొగుడు దామోదరం లంగరు మేస్త్రి. గాలివాన వచ్చినప్పుడు ఈ తెప్ప కొట్టుకుపోకుండా పట్టి ఉంచేది ఆయన చేతులేనని ఊరంతా ఆయనకి నమస్కారాలు పెడుతుంది. అవే చేతులు ఇంట్లో ఏం చేశాయో డాక్టరు రాసిచ్చాడు. ఆ కాగితం హైమ పీఠం ముందు పెట్టింది.

"గాయాల విషయం దండన విభాగం పరిశీలిస్తుంది. ఇక్కడ కాపురం మాత్రమే చూస్తాం," అంది పీఠం.

"అక్కడికి ముందే ఎల్లినానండి," అంది హైమ. "ముందు కాపురం కోర్టు తేల్చాలన్నారు."

"దయచేసి భోజనానికి కూర్చోండి."

ఆ పిల్ల అడిగేది పెద్ద కోరికేం కాదు. ఆరో తెప్ప మీద వాళ్ళ పిన్ని ఉంది. అక్కడికి వెళ్ళి బతకడానికి తెప్పమార్పు ఉత్తర్వు కావాలి. ఉత్తర్వు లేకపోతే పడవ గేటు తెరుచుకోదు. ఈ తెప్ప ఈ కొస నుంచి ఆ కొసకు నడిస్తే వక్క నమిలినంత సేపు పట్టదు. మొగుణ్ణి తప్పించుకుని ఇందులో ఎక్కడ దాక్కుంటుంది?

సగం భోజనం దాకా బాగానే జరిగింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు, గీత అట్టడుగునే ఉంది. అప్పుడు దామోదరం కంచంలో అన్నం అయిపోయింది. ఆయన అడగలేదు. తల కూడా ఎత్తలేదు. కంచంలో వేలు ఆపాడంతే. హైమ చెయ్యి గరిటె మీదికి వెళ్ళిపోయింది. అన్నం వేసి, మధ్యలో గుంట చేసి, చారు పోసింది. గీత జర్రున పైకి లేచింది.

"ఓలమ్మో," అని తన చెయ్యి తనే చూసుకుంది.

చేతులు కడుక్కునే చోట పీఠానికి కళ్ళు లేవు. అక్కడ నా భుజం పట్టుకుని ఏడ్చింది. "నాను కాదప్పా, సెయ్యి ఎలిపోనాది."

"తెలుసమ్మా," అన్నాను. నలభై ఏళ్ళు ఒకడికి వడ్డించినదాన్ని, నాకు తెలియదా? ఆయన పోయి ఆరేళ్ళయినా ఇప్పటికీ రెండు కంచాలు తీస్తుంటాను.

గురువారం. చేపలు వచ్చాయి. నీళ్ళు లేవు.

వంట: అన్నం, చేపల పులుసు, నాచు పచ్చడి. గిన్నెలు ఉప్పునీళ్ళతోనే తోమాను. తుప్పు పడితే నన్ను అడగొద్దు.

ఇవాళ నేనొక తెలివైన పని చేశాననుకున్నాను. గరిటెలన్నీ బియ్యం డబ్బాలో దాచేసి, రెండు కంచాల్లో అన్నీ నిండుగా పెట్టి తీసుకెళ్ళి ముందు పెట్టాను. వడ్డించే అవసరమే లేకపోతే చెయ్యి ఎక్కడికి పోతుంది?

జోగారావు పరుగెత్తుకొచ్చాడు. "అప్పా, ఏటిది? వడ్డన నేని బోజనం లెక్కలోకి రాదంతంది పీఠం. గరిటెలేవి?"

"మర్చిపోయినాను బాబూ, పెద్దదాన్నైపోనాను."

"నీకు మరుపా? మొన్న నా పంచదార బాకీ చెంచాల్తో సహా సెప్పినావు."

గరిటెలు తీసుకురాక తప్పలేదు. హైమ ఈసారి చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. నా ప్రాణం కుదుటపడింది. కానీ దామోదరం మొద్దు కాదు. చేపముక్క తీసుకుని, ఓపిగ్గా ముళ్ళన్నీ ఏరి, తన కంచంలోంచి ఆమె కంచంలో పెట్టాడు.

"తిను," అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, తెలియనివాళ్ళు చూస్తే మొగుడంటే ఇలా ఉండాలనుకుంటారు.

ఆమె తింది. గీత పెరిగింది. ఎందుకు తిన్నావే అని కడుక్కునే చోట కోప్పడ్డాను. ఇంట్లో 'తిను' అన్నప్పుడు తినకపోతే కంచం గోడకు ఎగురుతుందట. ఆ తర్వాత ఎగిరేది కంచం ఒక్కటే కాదట. వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

శుక్రవారం. జంటలెవరూ లేరు.

వంట లేదు. తట్టల పని అయ్యాక హైమ వస్తే, వంటశాలలో తలుపు వేసుకుని సాధన చేశాం. నేను దామోదరాన్ని, ఆ పిల్ల ఆ పిల్లే.

"మీసం ఒక్కటే తక్కువ, మిగతాదంతా నీ మొగుడే అనుకో," అని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. కంచంలో వేలు ఆపాను. ఆ పిల్ల చెయ్యి కదిలింది. గరిటెతో వేళ్ళ మీద ఒకటి వేశాను, మెల్లగానే. మళ్ళీ ఆపాను. మళ్ళీ కదిలింది.

"సేతుల్ని తొడల కింద ఎట్టుకో," అన్నాను.

"మరెలగ తింతానప్పా?"

"అతగాడు సూస్తన్నంతసేపూ తినకు. తల దించినప్పుడు ఓ ముద్ద నోట్లో యేసుకుని మళ్ళీ కింద ఎట్టీసుకో."

దొంగతనం నేర్పుతున్నట్టుంది అని ఆ పిల్ల నవ్వింది. నవ్వితే ఎంత చిన్నపిల్లో తెలిసింది. నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయలని చెప్పాను. పొయ్యి మీద ఉల్లిపాయల్లేవు, తరగనూ లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

చీకటి పడేలోగా చెయ్యి కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది. 'కూర' అని గద్దించినా, కంచం తోసినా కదల్లేదు. గీత సగం దాటకుండా ఉండాలంటే రేపు ఒక్క పూట ఇలా కూర్చుంటే చాలు.

శనివారం.

వంట ఏం చేశానో చెప్పను. ఎవరూ సరిగా తినలేదు.

హైమ బ్రహ్మాండంగా కూర్చుంది. ఆయన కంచంలో వేలు ఆపాడు. ఆమె కదల్లేదు. కూరముక్క తీసి ఆమె కంచంలో పెట్టాడు, తినలేదు. గీత అంగుళం కూడా పెరగలేదు. గుమ్మం చాటున నిలబడి నేను మనసులోనే చప్పట్లు కొట్టాను.

అప్పుడు ఆయనకి పొలమారింది.

పొలమారిందంటే మనవాళ్ళు ఏం చేస్తారో చెప్పాలా? ఎదురుగా ఉన్నది ఎవరైనా సరే, గబుక్కున లేచి నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారని నీళ్ళ గ్లాసు నోటికి అందిస్తాం. పగవాడికైనా చేస్తాం. ఆయన కళ్ళు ఎర్రబడేలా దగ్గుతున్నాడు. దగ్గుతూనే కనురెప్పల కిందనుంచి ఆమె చేతుల్నే చూస్తున్నాడు. నేను చూశాను. ఇది ఒట్టు.

హైమ చేతులు తొడల కిందనే ఉన్నాయి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. లేవలేదు.

లేచింది ఎవరు? నేను. ఛీ, నా బతుకు చెడ! గుమ్మం దగ్గర్నుంచి పరుగెత్తి వెళ్ళి వాడి నెత్తి మీద తట్టి నీళ్ళు తాగించాను. తాగాక మూతి తుడుచుకుని, "సల్లగుండప్పా," అన్నాడు.

గీత కదల్లేదు. గెలిచామనుకున్నాను. తీర్పు రేపు అంది పీఠం.

ఆదివారం.

తీర్పు వచ్చింది. జోగారావు చదివాడు. చదువుతున్నప్పుడు నా మొహం చూడలేదు.

ప్రాణాపాయంలో ఉన్న భర్త పట్ల అర్జీదారు చలించలేదు. పరాయి వంటమనిషికి కలిగిన కనికరం కూడా ఆమెకు కలగలేదు. ఈ కాపురంలో కాఠిన్యం ఎవరిదో దీన్నిబట్టి స్పష్టమవుతోంది. పైగా ఆపదలో ఉన్న మనిషిని ఆదుకోని వ్యక్తిని మరో తెప్పకు పంపడం ఆ తెప్పవారికి క్షేమం కాదు. తెప్పమార్పు ఉత్తర్వు నిరాకరించడమైనది. అర్జీదారు ప్రవర్తన సరిదిద్దుకునేందుకు నెల రోజుల తర్వాత చివరి భోజనం. అందులో పొత్తు కుదిరితే కేసు శాశ్వతంగా మూసివేయబడును.

వడ్డిస్తే కాపురం బాగుందంటారు. వడ్డించకపోతే నువ్వే చెడ్డదానివంటారు. మరి ఆ పిల్ల ఏం చెయ్యాలి? నేను గరిటె పట్టుకునే హాల్లోకి వెళ్ళి కప్పు వైపు చూసి అరిచాను.

"అతగాడు దగ్గినాడు కాదు, దగ్గినట్టు ఆడినాడు! నా కళ్ళతో సూసినాను. రాసుకో!"

"వడ్డించేవారి మాటలు నమోదు కావు," అంది పీఠం. "వంటకు కృతజ్ఞతలు."

జోగారావు నన్ను చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. "అప్పా, నీ ఉద్దోగం పోతాది. నానేటి సెయ్యగలను సెప్పు? నాను తలుపులు తీస్తాను, మూస్తాను, అంతే."

పాపం, అతనూ అబద్ధం చెప్పలేదు.

మళ్ళీ సోమవారం. నెల దాటింది. ముసురు.

ఈ నెలంతా వేరే జంటలు వచ్చాయి, తిన్నాయి, వెళ్ళాయి. పప్పు, కూర, చారు. ఏం వండానో గుర్తు లేదు. హైమ తట్టల దగ్గర కనిపించడం లేదని విన్నాను. రెండుసార్లు వాళ్ళ గది దాకా వెళ్ళాను. రెండుసార్లూ పడుకుందని దామోదరమే చెప్పాడు.

ఇవాళ వచ్చింది. కుడిచేతికి మోచెయ్యి దగ్గర్నుంచి వేళ్ళ కొసల దాకా కట్టు.

"తట్టల మీంచి జారిపోనాది," అన్నాడు దామోదరం, ఎవరూ అడక్కముందే. "సెప్తే ఇనదు."

కూర్చున్నారు. అన్నం, పప్పు వడ్డించాను. ఆయన తన కంచం పక్కకి జరిపి, ఆమె కంచంలో పప్పన్నం కలిపాడు. నెయ్యి వేశాడు. చిన్న ముద్ద చేసి ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆమె నోరు తెరిచింది. ఇంకో ముద్ద. మళ్ళీ తెరిచింది. మూతికి అంటిన మెతుకు కూడా వేలితో తీశాడు.

గీత ఎన్నడూ లేనంతగా పెరిగిపోయింది. నేను ఇక్కడ చేరాక ఏ జంటకీ అంత ఎత్తు రాలేదు. సగం దాటింది, ముప్పాతిక దాటింది. జోగారావు నోరు వెళ్ళబెట్టి చూస్తున్నాడు.

"విశేషమైన పొత్తు," అంది పీఠం. దాని గొంతులో సంతోషం ఉందంటే మీరు నమ్మరు. "ఇతర అర్జీదారులకు చూపించేందుకు ఈ భోజనాన్ని భద్రపరుస్తున్నాను."

ఆ చెయ్యి విరిచినవాడే ఆ నోటికి ముద్ద పెడుతున్నాడు, పీఠం దాన్ని దాచుకుని పదిమందికి చూపిస్తుందట. చారు గిన్నె పట్టుకుని నిలబడలేక కింద పెట్టేశాను.

దామోదరం ఇంకో ముద్ద చేశాడు. హైమ మొహం పక్కకి తిప్పుకుంది. ఎడంచెయ్యి తీసి కంచంలో పెట్టింది. ఎడంచెయ్యే. ఆ చేత్తో అన్నం మెదిపి, సగం కింద పడుతుంటే, మిగతాది నోట్లో పెట్టుకుంది.

నాకే ఒళ్ళు జలదరించింది. ఎడంచేత్తో తిన్నందుకు చిన్నప్పుడు మా అమ్మ కాల్చిన వాత ఇంకా నా మోచేతి మీద ఉంది.

"ఈ చేష్ట గుర్తించలేకపోతున్నాను," అంది పీఠం. "దయచేసి మళ్ళీ చేయండి."

ఆమె మళ్ళీ చేసింది.

"గుర్తించలేకపోతున్నాను. దయచేసి మళ్ళీ చేయండి."

అప్పుడు నాకు అర్థమైంది. దానికి చూపించిన లక్షల భోజనాల్లో ఎడంచేత్తో అన్నం తిన్న ఆడమనిషి ఒక్కతీ లేదు. ఎందుకుంటుంది? మంచి కుటుంబాల్లో పిల్లలకు ఎడంచేతి వాటం ఉన్నా కొట్టి మాన్పిస్తారు కదా.

"ఏటే అది?" అన్నాడు దామోదరం పళ్ళ మధ్య నుంచి. "మడిసివేనా నువ్వు? పదిమందిలో... తియ్యి సెయ్యి!"

హైమ తియ్యలేదు. పీఠం అడిగినప్పుడల్లా ఒక్కో ముద్ద తింది. కంచం చుట్టూ మెతుకులు. గడ్డం మీద పప్పు. ఒక్కసారి కూడా ఆయన వైపు చూడలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తింది. గోడ మీద గీత కాసేపు పైకీ కిందకీ కొట్టుకుని, పూర్తిగా చెరిగిపోయింది.

"మార్కులు లెక్కించడం సాధ్యం కాలేదు," అంది పీఠం చివరికి. "కేసు మూయడం లేదు. నిపుణుల పరిశీలన కోసం నాలుగు నెలలు వాయిదా. అంతవరకు ఇద్దరూ యథాప్రకారం ఒకే ఇంట్లో ఉండవలెను. భోజనానికి కృతజ్ఞతలు."

వాయిదా. ఈ కోర్టులో మనిషికి దొరికే పెద్ద న్యాయం ఇదేనన్నమాట. ఆ పిల్ల ఓడిపోలేదు. ఓడిపోలేదుగానీ, నలుగురి ముందు వాడి పరువు తీసి, వాడితోనే ఇంటికి వెళ్ళాలి. దామోదరం మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. నవ్వుతున్నాడు.

"ఎల్దామా?" అన్నాడు.

కడుక్కునే చోట హైమ మూతి నేనే కడిగాను. కట్టు తడవకుండా కొంగు అడ్డం పెట్టాను. "అప్పా, బయంగున్నాది," అంది. అంతే అంది. నాకూ భయంగానే ఉంది. భయపడుతూనే గుమ్మం దాకా వచ్చాను. అక్కడ జోగారావు, పడవ గేటు కాపలావాళ్ళు ఇద్దరు, చేపల బుట్టలతో ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళందరికీ వినపడేలా అన్నాను.

"దామోదరం బాబూ, నా గదిలోకి నీరు ఊరిపోతంది. నేల మీద నిలబడ్డానికి నేదు. కొన్నాళ్ళు మీ ఇంట్లో పడుకుంతాను."

నా గదిలో చుక్క నీరు లేదు. కానీ తెప్ప మీద పుట్టినవాడెవడూ నీళ్ళు చేరిన గదివాళ్ళని గుమ్మంలోంచి పొమ్మనడు. పొమ్మంటే రేపు వాడి గదిలోకి నీళ్ళొస్తే వాడి మొహం ఎవరూ చూడరు. లంగరు మేస్త్రికి ఆ సంగతి అందరికంటే బాగా తెలుసు.

నన్ను చూశాడు. చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు. "దానికేటప్పా, రా," అన్నాడు. "ఎన్నాళ్ళు?"

"ఎంత, నాలుగు నెల్లు," అన్నాను.

మంగళవారం.

వంట: అన్నం, పప్పు. జంటలెవరూ లేరు. నిన్నటి ముసురు ఇంకా వదల్లేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది. నేల మీద పడుకునే వయసా ఇది? అరవై దాటినదాన్ని. పొయ్యి సంగతి మళ్ళీ చెబుతున్నాను, బాగుచేయించండి.

హైమ వాళ్ళది ఒకటే గది. నా చాప ఎక్కడ వెయ్యాలో ఆ పిల్ల నన్ను అడగలేదు, ఆయన్నీ అడగలేదు. ఒంటిచేత్తో పరిచింది, తన పక్కకీ ఆయన పక్కకీ సరిగ్గా మధ్యలో. నేను అడ్డంగా పడుకున్నాను. ఆయన చాలాసేపు కూర్చునే ఉన్నాడు. నేను దగ్గుతూ, మోకాళ్ళు రుద్దుకుంటూ, దేవుణ్ణి తిడుతూ ఉన్నాను, మెలకువగా ఉన్నానని తెలియాలి కదా. చివరికి అటు తిరిగి పడుకున్నాడు.

నాకు కన్ను మూతపడలేదు. ఆ పిల్ల మాత్రం తెల్లవార్లూ గురక పెట్టి నిద్రపోయింది.